రూబెన్ గొన్సాలెస్: డెబ్బై ఏడో ఏట తొలి ఆల్బం – తరచుగా అడిగే ప్రశ్నలు

‘బ్యూనా విస్తా సోషల్ క్లబ్’ అనే క్యూబా సంగీత ఆల్బం విన్నాక చాలామంది అడిగేది ఒకటే: ఆ పియానో వాయించింది ఎవరు? ఆయన గురించీ, ఆయన సొంత పేరు మీద ప్రపంచానికి అందిన తొలి ఆల్బం ‘ఇంట్రొడ్యూసింగ్... రూబెన్ గొన్సాలెస్’ గురించీ తరచూ వచ్చే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. జవాబుల్లో నా అభిప్రాయాలు కూడా కలిసే ఉంటాయి.

ఇంతకీ ఎవరీయన?

క్యూబా పియానిస్టు. 1919 మే 26న శాంతా క్లారాలో పుట్టారు, 2003 డిసెంబరు 8న హవానాలో పోయారు. దాదాపు యాభై ఏళ్లు ఇతరుల బ్యాండ్లలో వాయించి రిటైరయ్యారు. ఇంట్లో పియానో కూడా లేని రోజుల్లో ఒక స్టూడియోలో కూర్చుని రెండు రోజుల్లో ఒక ఆల్బం రికార్డు చేశారు. ప్రపంచానికి ఆయన పేరు తెలిసింది దానితోనే.

డాక్టరు కావాల్సిన మనిషి అంటారు, నిజమేనా?

నిజమే. సియెన్‌ఫ్వేగోస్ నగరంలోని కన్సర్వేటరీ (సంగీత పాఠశాల)లో శాస్త్రీయ పద్ధతిలో పియానో నేర్చుకుని 1934లో చదువు పూర్తి చేశారు. తర్వాత వైద్యం చదవడం మొదలుపెట్టారు. పగలు వైద్యం, రాత్రి సంగీతం అన్నది అప్పటి ఆలోచన. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1940ల మొదట్లో చదువు వదిలేసి హవానా చేరారు.

కన్సర్వేటరీ చదువును మాత్రం చిన్నచూపు చూడొద్దు. ఆయన కుడిచెయ్యి పై స్వరాల నుంచి కిందికి జారుతూ వచ్చే ఆ పొడవాటి పరుగుల్లో యూరోపియన్ శిక్షణ స్పష్టంగా వినిపిస్తుంది. క్యూబా డాన్స్ సంగీతం అంటే వీధిలో వినికిడి మీద నేర్చుకున్నదని అనుకునేవాళ్లకు ఇది ఆశ్చర్యంగా ఉండొచ్చు. అక్కడ ఆ రెండు దారులూ ఎప్పుడూ కలిసే నడిచాయి.

ఆర్సేనియో రోడ్రిగెజ్ బ్యాండ్‌లో ఉన్నారని అందరూ అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

ఆ బ్యాండ్‌లోనే క్యూబా సంగీతం మలుపు తిరిగింది కాబట్టి. ఆర్సేనియో చూపు లేని కళాకారుడు. మూడు జతల తంతులుండే ‘త్రెస్’ అనే వాద్యం వాయించేవారు. అప్పటిదాకా ‘సోన్’ అనే పాటను ఆరేడుగురు కలిసి గిటార్, త్రెస్, బోంగో, బేస్, ఒక ట్రంపెట్‌తో వాయించేవారు. 1940 ప్రాంతంలో ఆర్సేనియో అందులోకి పియానో, కొంగా డ్రమ్ము, మరిన్ని ట్రంపెట్లు తెచ్చి ‘కొంహుంతో’ అనే పెద్ద బృందంగా మార్చారు. తర్వాత న్యూయార్క్‌లో సల్సా అని పేరు పెట్టుకున్న సంగీతానికి మూలం అక్కడుంది.

పియానోకు ఆ బృందంలో కుర్చీ అయితే వేశారు గానీ, అందులో కూర్చున్నవాళ్లు ఏం వాయించాలో చెప్పే సంప్రదాయమంటూ అప్పటికి లేదు. దాన్ని తయారుచేసినవాళ్లలో రూబెన్ ఒకరు. 1943లో ఆర్సేనియోతో రికార్డు చేశారు. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి లిలీ మార్తినెజ్ వచ్చారు. ఈ ఇద్దరికీ పెరుచిన్ అనే మరో పియానిస్టును కలిపి, ఆధునిక క్యూబన్ పియానో శైలికి ముగ్గురు మూలపురుషులని చరిత్రకారులు లెక్క వేస్తారు.

నీకు ఎలా వస్తే అలాగే వాయించు, ఎవరినీ అనుకరించకు, వినగానే ‘ఇది రూబెన్’ అని జనం అనాలి అని ఆర్సేనియో తనకు చెప్పేవారని రూబెన్ పెద్దయ్యాక గుర్తు చేసుకునేవారు. డాన్స్ బ్యాండ్ నాయకుడు తన పియానిస్టుకు ఇలా చెప్పడం అరుదు. సాధారణంగా వాళ్లకు కావాల్సింది తాళం తప్పకుండా ఒద్దికగా వాయించే మనిషి.

క్లావే, మొంటూనో, తుంబావో అని రాస్తుంటారు. అవేమిటి?

క్లావే అంటే రెండు బార్ల (తాళపు ఆవర్తాల) నిడివిలో పడే అయిదు దెబ్బలు. ఒక బార్‌లో మూడు, ఇంకో బార్‌లో రెండు. కొన్ని పాటల్లో మూడు ముందొస్తాయి, కొన్నింటిలో రెండు. చిన్న కర్రముక్కలు రెండింటిని కొట్టి దాన్ని వినిపిస్తారు. ఒక్కోసారి ఎవరూ కొట్టరు, అయినా బృందంలో అందరి తలలోనూ నడుస్తూనే ఉంటుంది. పాట దానితో పొత్తు కుదరకపోతే క్యూబన్ శ్రోత మొహం చిట్లిస్తాడు.

తుంబావో అంటే బేస్ గానీ కొంగా గానీ పదే పదే తిప్పి వాయించే వరస. బేస్ తుంబావోలో వింత ఏమిటంటే బార్‌లో మొదటి దెబ్బను చాలాసార్లు వదిలేస్తుంది. రాబోయే శృతిని ముందే, వెనక బార్ చివరే వినిపించేస్తుంది. ఇంట్లో కూర్చుని వేళ్లు లెక్కపెడుతూ వింటే మొదట తికమక అవుతుంది. కాసేపు లెక్క మానేసి బేస్ వెంట వెళ్లండి, దారి దొరుకుతుంది.

మొంటూనో పియానో పని. చిన్న, మెలికలు తిరిగే వరసను రెండు చేతులతో, చాలాసార్లు ఒకే స్వరాన్ని వేర్వేరు స్థాయుల్లో జంటగా మోగిస్తూ వాయిస్తారు. ఇలా జంటగా వాయించడానికి ఒక లౌకిక కారణం కూడా ఉంది. రెండు మూడు ట్రంపెట్లు, డ్రమ్ములు మోగే హాల్లో మైకు సాయం సరిగా లేని పియానో వినిపించాలంటే అదొక్కటే మార్గం. వాయించేవాడి నైపుణ్యం ఆ వరసను వంద సార్లు తిప్పుతూ కూడా విసుగు పుట్టించకపోవడంలో ఉంటుంది. రూబెన్ అక్కడ గడుసువాడు. ఎక్కడో ఒక స్వరం మారుస్తారు, ఒక దెబ్బ మింగేస్తారు, హఠాత్తుగా పైనుంచి కిందికి ఒక జారుడు వేసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ వరసలోకి వచ్చేస్తారు.

ఆర్సేనియో తర్వాత ఎక్కడెక్కడ వాయించారు?

లోస్ ఎర్మానోస్ ఆర్కెస్ట్రాలో, తర్వాతి కాలంలో పేరు మోసిన కొంగా కళాకారుడు మోంగో సాంతామరియాతో కలిసి. ఇంకా చాలా డాన్స్ బ్యాండ్లలో. పనామా వెళ్లారు, బ్వేనోస్ ఐరెస్‌లో టాంగో కళాకారులతో వాయించారు, కరాకాస్‌లో కొన్నేళ్లు ఉన్నారు. 1960ల మొదట్లో హవానా తిరిగొచ్చి, చా-చా-చా అనే డాన్స్ సంగీతపు సృష్టికర్త ఎన్రికే హోర్రిన్ ఆర్కెస్ట్రాలో చేరారు. 1987లో హోర్రిన్ పోయేవరకూ, అంటే పాతికేళ్లు, అక్కడే. ఆ తర్వాత కొద్దికాలం ఆ ఆర్కెస్ట్రాను తానే నడిపించి, రిటైరయ్యారు.

అంత గొప్పవాడైతే యాభై ఏళ్లపాటు సొంత ఆల్బం ఎందుకు రాలేదు?

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. రాజకీయం వల్ల అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. అది సగం కూడా సరిపోని జవాబు.

1959 విప్లవానికి ముందు, ఆయన ముప్ఫైల్లో ఉన్నప్పుడు కూడా, హవానాలో ప్రైవేటు రికార్డు కంపెనీలు దండిగా ఉన్న రోజుల్లో, ఆయన పేరు మీద ఆల్బం తీయాలని ఎవరికీ తోచలేదు. ఆ వ్యాపారమంతా డాన్స్ మీద నడిచేది. డిస్కు మీద పేరు గాయకుడిదో బ్యాండ్ నాయకుడిదో ఉండేది. పియానిస్టు స్థానం మన పద్యనాటకాల్లో హార్మోనిస్టు స్థానం లాంటిది: పద్యం ఎత్తుకున్న నటుడికి ‘వన్స్ మోర్’లు, శృతి పట్టి రాగం నడిపించినవాడు వేదిక పక్కన. పోనీ రూబెన్ తనకు తానే బ్యాండ్ పెట్టుకున్నారా అంటే అదీ లేదు. ఆయన నాయకత్వం వెంట పడిన మనిషి కాదు.

విప్లవం తర్వాత రికార్డింగ్ పరిశ్రమ జాతీయమైంది. 1964లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఎగ్రెమ్ చేతిలోకి స్టూడియోలన్నీ వెళ్లాయి. కళాకారులకు జీతాలు వచ్చేవి, ఆర్కెస్ట్రాలు నడిచేవి. రూబెన్ మరుగున పడి ఆకలితో ఉన్నారన్న కథ ఆ దశాబ్దాలకు వర్తించదు. 1979లో ఎగ్రెమ్ తరతరాల కళాకారులను కూడదీసి ‘ఎస్త్రెయాస్ దె అరేయితో’ పేరుతో చేసిన పెద్ద రికార్డింగుల్లో కూడా ఆయన ఉన్నారు. కాకపోతే అదీ గుంపులోనే.

ఇక 1990లు. సోవియట్ యూనియన్ కూలాక క్యూబాలో తీవ్రమైన ఆర్థిక సంక్షోభం. యువతరం చెవి ‘తింబా’ అనే వేగమైన కొత్త డాన్స్ సంగీతం మీద ఉంది. డాన్సోన్‌లు (పాతకాలపు జంట నాట్య సంగీతం), పాత సోన్‌లు తాతల సంగీతం అయిపోయాయి. అప్పటికి ఆయన ఇంట్లో ఉన్నారు.

పియానోకు పురుగు పట్టిందనీ, వేళ్లకు కీళ్లవాతమనీ చెబుతారు. కథలు కావు కదా?

రెండూ నిజమే. ఉక్కపోత దేశంలో కొయ్య వాద్యాలకు పురుగు పెద్ద శత్రువు. ఆయన ఇంటి పియానో పుచ్చిపోయింది, ఇంకోటి కొనే పరిస్థితి లేదు. కీళ్లవాతమూ ఉంది. వాయించడం తన పని కాదని అనుకునే స్థితికి వచ్చారు.

1996లో ఏం జరిగింది?

లండన్‌లోని వరల్డ్ సర్క్యూట్ అనే చిన్న రికార్డు కంపెనీని అప్పట్లో నడిపిన నిక్ గోల్డ్, హవానాకు చెందిన సంగీత దర్శకుడు హువాన్ దె మార్కోస్ గొన్సాలెస్ కలిసి పాతకాలపు క్యూబన్ బిగ్ బ్యాండ్ ధోరణిలో ఒక ఆల్బం చేయాలనుకున్నారు. హువాన్ దె మార్కోస్ ఊరంతా తిరిగి పాత కళాకారులను పోగేశారు. రూబెన్‌ను కూడా తీసుకొచ్చింది ఆయనే. అదే ఆఫ్రో-క్యూబన్ ఆల్ స్టార్స్.

దాని వెంటనే ఇంకో పథకం ఉంది. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశపు కళాకారులను రప్పించి క్యూబన్లతో కలిపి వాయించాలి, దానికి అమెరికా గిటారిస్టు రై కూడర్ రావాలి. కూడర్ వచ్చారు, మాలి వాళ్లు రాలేకపోయారు. స్టూడియో బుక్ చేసి ఉంది. కాబట్టి ఉన్నవాళ్లతోనే వేరే ఆల్బం చేశారు. అలా పుట్టిందే ‘బ్యూనా విస్తా సోషల్ క్లబ్’.

ఈ రోజులన్నిటా రూబెన్ పొద్దున్నే వచ్చి స్టూడియో తలుపు తీసేవరకు బయట నిలబడేవారట. తలుపు తీయగానే నేరుగా పియానో దగ్గరికి. రికార్డింగుల మధ్య విరామాల్లోనూ ఆపేవారు కాదు. ఏళ్ల తరబడి వాద్యం లేనివాడికి మంచి గ్రాండ్ పియానో దొరికితే ఇంకేం చేస్తాడు! చివరలో రెండు రోజుల స్టూడియో సమయం మిగిలింది. దాన్ని ఆయనకిచ్చారు.

అంటే రై కూడర్ ఆయన్ను కనిపెట్టాడనుకోవచ్చా?

వద్దు. కూడర్ ఆయన్ను తను విన్న పియానో సోలోయిస్టులందరిలో గొప్పవాడని పొగిడారు, ఆ మాటకు ప్రచారంలో చాలా విలువ ఉంది. కానీ ఆయన్ను స్టూడియోకు తెచ్చింది హువాన్ దె మార్కోస్, ఆల్బం నిర్మించింది నిక్ గోల్డ్. హవానాలో సంగీతం తెలిసినవాళ్లెవరికీ రూబెన్ కొత్త కాదు. ‘కనిపెట్టడం’ అనే మాట బయటి ప్రపంచం తన చెవిటితనాన్ని కప్పిపుచ్చుకోవడానికి వాడుకున్నదే.

దీన్ని ఇండిపెండెంట్ ఆల్బం అని ఎందుకంటారు?

పెద్ద బహుళజాతి రికార్డు కంపెనీ ఏదీ దీని నిర్మాణం వెనక లేదు కాబట్టి. వరల్డ్ సర్క్యూట్ అప్పటికి మాలి గిటారిస్టు అలీ ఫర్కా తూరే లాంటివారి ఆల్బంలతో పేరు తెచ్చుకున్న చిన్న స్వతంత్ర సంస్థ. అమెరికాలో పంపిణీ మాత్రం నన్‌సచ్ అనే రికార్డు కంపెనీ ద్వారా జరిగింది.

స్వతంత్రం అన్న మాటకు ఇక్కడ ఇంకో అర్థం కూడా ఉందనిపిస్తుంది. మార్కెట్ సర్వేలు, సింగిల్ ఏది, గాయకుడెవరు లాంటి చర్చలు ఉన్నచోట, డెబ్బై ఏడు నిండబోతున్న పియానిస్టుతో దాదాపు వాద్య సంగీతమే ఉన్న ఆల్బం ముందుకు కదిలేది కాదు. ఇక్కడ నిర్ణయం తీసుకోవాల్సింది ఒకే మనిషి, ఆయన అదే గదిలో కూర్చుని వింటున్నాడు.

ఆల్బం ఎలా రికార్డు చేశారు?

మధ్య హవానాలో, శాన్ మిగేల్ వీధిలోని ఎగ్రెమ్ స్టూడియోలో. విప్లవానికి ముందు అది పనార్త్ కంపెనీది, ఎత్తైన కప్పుతో ఉండే పాత గది. సౌండ్ ఇంజినీరు జెర్రీ బాయ్స్. 1996 ఏప్రిల్‌లో రెండు రోజులు. అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయించారు, తర్వాత అతికించిన ముక్క ఒక్కటీ లేదు. బేస్ మీద ఓర్లాందో ‘కచాయితో’ లోపెజ్, ట్రంపెట్ మీద మాన్వేల్ ‘గ్వాహీరో’ మిరబాల్, తింబాలెస్ అనే జంట డ్రమ్ముల మీద అమాదితో వాల్దెస్.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే గది కూడా వినిపిస్తుంది. ట్రంపెట్ వెనకెక్కడో, కొంగా పక్కన, పియానో ముందు. ఈ మధ్య రికార్డింగుల్లో ఒక్కో వాద్యాన్ని ఒక్కో డబ్బాలో పెట్టినట్టు ఉంటుంది. ఇందులో ఒకరి మోత ఇంకొకరి మైకులోకి కొంచెం కారుతుంది. నాకు అదే ఇష్టం.

అందులో ఏ పాటలున్నాయి?

మొత్తం తొమ్మిది. మొదటిదే ‘లా ఎంగన్యదోరా’. తన పాతికేళ్ల యజమాని హోర్రిన్ రాసిన, చా-చా-చాకు తెర తీసిన పాట. తొలి ఆల్బం తొలి పాటగా దాన్ని పెట్టుకోవడంలో కృతజ్ఞత ఉందనుకుంటాను, కాస్త కొంటెతనం కూడా: పాతికేళ్లు వెనక కూర్చుని వాయించినదాన్ని ఇప్పుడు ముందుకొచ్చి వాయిస్తున్నారు. ప్వెర్తో రీకో స్వరకర్త రఫాయెల్ ఎర్నాందెజ్ ‘కుంబాంచెరో’, ఎర్నెస్తో లెకువోనా ‘సిబోనే’, అబెలార్దో వాల్దెస్ డాన్సోన్ ‘అల్మెంద్రా’, ‘మందింగా’ ఉన్నాయి. ‘మెలోదియా దెల్ రియో’ ఆయన సొంత రచన.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ‘త్రెస్ లిందాస్ కుబానాస్’. 1920ల్లో అంతోనియో మరియా రొమేవు డాన్సోన్‌గా మలిచిన పాట ఇది. ఆయన పియానో సోలోతో పేరు పొందింది. డాన్స్ బృందంలో పియానో కాసేపు తన గొంతు విప్పొచ్చని క్యూబన్లకు తెలిసింది ఇలాంటి డాన్సోన్‌ల వల్లే. ఆ దారిన వచ్చిన మనిషి ఆ పాటనే తీసుకుని ఏం చేశారో నెమ్మదిగా వినండి. మర్యాదగా, దాదాపు దొరల ఇళ్లలో వాయించినట్టు మొదలవుతుంది. రెండో సగంలో తాళం వదులై, బేస్ కదలడం మొదలుపెట్టాక, ఆయన వేళ్లకు అరవై ఏళ్లు తగ్గిపోతాయి.

ఇది లాటిన్ జాజ్ అవుతుందా?

షాపుల్లో, యాప్‌ల్లో ఆ అరలోనే పెడతారు. నేనైతే పక్క అరలో పెడతాను.

లాటిన్ జాజ్ అన్నది ప్రధానంగా న్యూయార్క్‌లో పుట్టిన పంట. 1940లో మొదలైన మచీతో బ్యాండ్, దానికి సంగీత దర్శకుడు మారియో బవుసా, 1943 నాటి ‘టాంగా’ అనే రచన, 1947లో అమెరికా జాజ్ ట్రంపెట్ కళాకారుడు డిజీ గిలెస్పీ దగ్గరికి కొంగా కళాకారుడు చానో పోసో రావడం: క్యూబన్ తాళం మీద అమెరికన్ జాజ్ హార్మొనీ కూర్చున్నది ఈ దారిలో. క్యూబాలో పియానిస్టు చూచో వాల్దెస్ 1973లో ఇరాకేరే అనే బ్యాండ్ మొదలుపెట్టినప్పుడు చేసింది దానికి ఇంకో రూపం.

రూబెన్ ఆ తరహా జాజ్ మనిషి కాదు. బీబాప్ (1940ల నాటి వేగమైన జాజ్) పదజాలం ఆయన వేళ్లలో పెద్దగా లేదు. ఆయనది క్యూబన్ల ‘దెస్కార్గా’ ధోరణి: తెలిసిన పాట చుట్టూ, డాన్స్ ఆగకుండా, అప్పటికప్పుడు అల్లడం. అయితే 1940ల హవానాలో అమెరికన్ జాజ్ చెవిన పడకుండా ఎవరూ పెరగలేదు. ఆయన ఎంచుకునే కార్డ్‌లు (ఒకేసారి మోగించే స్వరాల కలయికలు) కొన్ని, వాక్యాన్ని మధ్యలో విరిచి వదిలేసే అలవాటు జాజ్ శ్రోతకు వెంటనే తెలిసినట్టు అనిపిస్తాయి. పేరు మీద గొడవ అనవసరం గానీ, జాజ్ సోలో కోసం వెతికేవాళ్లకు నిరాశ కలగకూడదని చెబుతున్నా.

పియానో నేర్చుకుంటున్నాను. ఈ శైలి ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆయన పరుగులు అనుకరించడంతో మాత్రం మొదలుపెట్టొద్దు. మొదట చేతులతో క్లావే కొడుతూ ఒక పాట మొత్తం వినండి. తర్వాత కచాయితో బేస్‌ను నోటితో పాడండి. ఆ రెండూ కుదిరాక ఒకే ఒక్క మొంటూనో నేర్చుకుని, వేగం పెంచకుండా పది నిమిషాలు తిప్పండి. ఎడమచేయి ముందుకు పరుగెత్తకుండా నిలబడితే పునాది పడినట్టే. ఆ తర్వాత మెట్రొనోమ్‌తో మీ గొడవ మీది.

ఆల్బం తర్వాత ఏమైంది?

1997లో విడుదలైంది. ఆ ఏడాదే ఆల్ స్టార్స్‌తో యూరప్ పర్యటన. 1998లో ‘బ్యూనా విస్తా సోషల్ క్లబ్’ ఆల్బంకు గ్రామీ వచ్చింది, అదే ఏడాది జులైలో బృందం న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో వాయించింది. 1999లో విమ్ వెండర్స్ డాక్యుమెంటరీ. అందులో పెద్ద హాల్లో పిల్లల జిమ్నాస్టిక్స్ జరుగుతుంటే రూబెన్ పియానో వాయించే దృశ్యం చాలామందికి గుర్తుంటుంది. 2000లో రెండో ఆల్బం ‘చంచుయో’. ఆరోగ్యం సహకరించక 2002లో వేదిక దిగారు.

క్యూబా మీద అమెరికా ఆంక్షలు ఉండగా ఇదంతా ఎలా సాధ్యమైంది?

సంగీతం రికార్డులకు ఆంక్షల నుంచి 1988లోనే చట్టపరమైన మినహాయింపు వచ్చింది, కంపెనీ కూడా బ్రిటన్‌ది. చిక్కల్లా అమెరికన్ పౌరుడైన కూడర్‌కే. అనుమతి లేకుండా క్యూబాలో పనిచేసినందుకు ఆయన జరిమానా కట్టాల్సి వచ్చింది.

మన తెలుగు పాటల్లో దీని జాడ ఏమైనా ఉందా?

రూబెన్ జాడ లేదు. ఆయన తరం ప్రపంచమంతా పంపిన రుంబా, చా-చా-చా తాళాల జాడ మాత్రం ఉంది. అవి హాలీవుడ్, బొంబాయి మీదుగా మద్రాసు స్టూడియోలకు చేరాయి. 1950లు, 60ల నాటి తెలుగు క్లబ్బు పాటల్లో బోంగోలు, మరకాస్‌లు గమనించండి. అంతకు మించి బంధుత్వం కలపబోతే లాగినట్టే ఉంటుంది.

ఏ క్రమంలో వినమంటారు?

ముందు ‘బ్యూనా విస్తా సోషల్ క్లబ్’లో రెండు పాటలు: ‘ప్వెబ్లో న్వేవో’, ఆల్బం పేరే ఉన్న వాద్య సంగీతం. రెండింటిలోనూ నడిపేది ఆయన పియానోనే. తర్వాత తొలి ఆల్బం మొత్తం, ఆపకుండా, వీలైతే ఫోను స్పీకర్లో కాకుండా. ఆ తర్వాత 1940ల ఆర్సేనియో పాటలు. శబ్దం గరగరలాడుతుంది, పియానో వెనకెక్కడో ఉంటుంది, అయినా అప్పటికి మీ చెవి దాన్ని పట్టుకోగలుగుతుంది.

‘చంచుయో’ చివరికి ఉంచుకోండి. ఆ పేరున్న పాటను స్వరపరిచింది కచావో, అంటే ఇందులో బేస్ వాయిస్తున్న కచాయితోకు బాబాయి. న్యూయార్క్ బ్యాండ్ నాయకుడు టిటో ప్వెంతే పాట ‘ఓయే కోమో వా’కు, ఆపైన సాంతానా రాక్ గిటార్ మీద లోకమంతా విన్నదానికి, ఆధారం ఆ పాట వరసే. కాబట్టి రూబెన్ దాన్ని ఎత్తుకోగానే ‘ఇది నాకు తెలుసే’ అనిపిస్తే అది పొరపాటు కాదు.